బావ బండి లేచిన వైనం

మా బావ పాత పికప్ బండి వెనకభాగం ఎంత కుంగిపోయిందంటే, స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, కింద బర్రున గీసుకునేది. కొత్త స్ప్రింగులు వేయించమన్నాడు మెకానిక్.

"వాడి మొహం! చౌకలో నేనే లేపుతా చూడు," అన్నాడు బావ.

ముందు పాత ఇనప సామాన్ల కొట్టు నుంచి ఇంకో బండి స్ప్రింగుల్లోని కమాన్ పట్టీలు తెచ్చి పాతవాటికి కలిపాడు. బండి వేలెడు లేచింది. మిగిలిన పట్టీలు బండి వెనక సామాను తొట్టిలో పడేయగానే మళ్లీ కుంగింది. తర్వాత ఇరుసుకీ కమాన్‌కీ మధ్య ఇనప దిమ్మలు బిగించాడు. మిగిలిన దిమ్మలూ తొట్టిలోకే చేరాయి. ఆ తొట్టిలో ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన చెడిపోయిన వాషింగ్ మెషిన్, విరిగిన ఇనప గేటు, గడ్డకట్టిన సిమెంటు బస్తాలు అప్పటికే ఉన్నాయి. రోజంతా బండి కింద దొర్లే మహానుభావుడు ఒక్కసారైనా పైకి తొంగి చూస్తే ఒట్టు!

చివరికి మా అక్కకి ఒళ్లు మండింది. కొత్త మంచం తేవాలి, తొట్టి ఖాళీగా లేదు. బావ స్నానానికి వెళ్లగానే నన్ను పిలిచింది. ఇద్దరం నడుములు పడిపోయేలా సామానంతా దించాం. ఆఖరి బస్తా నేల మీద పడేసరికి బండి జానెడు పైకి లేచింది.

తల తుడుచుకుంటూ వచ్చిన బావ కళ్లు మెరిశాయి.

"చూశావురా! నా దిమ్మలు ఇప్పటికి కుదురుకున్నాయి. ఇక ఎంత బరువైనా మోస్తుంది!"

అక్క నోరు తెరిచేలోపే, మొదటి సిమెంటు బస్తా భుజానికెత్తుకున్నాడు.