అమ్మకు మతి లేదన్నాడు

చెర్ పావ్ నిద్రకు భయపడుతున్నాడని ముందు అతని తల్లి మావ్‌కే తెలిసింది. లావోస్ కొండల్లో ఏళ్ల తరబడి తుపాకీ పట్టినవాడు, అమెరికాలో సెయింట్ పాల్ ఊళ్లోని రెండు గదుల ఇంట్లో మంచం వైపు పోవడమే మానేశాడు. ఎనభై ఒకటి చలికాలం అది. వాళ్ల హ్మోంగ్ తెగవాళ్లలో ఏ జబ్బూ లేని మగవాళ్లు ఇద్దరు, పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోయారు.

"కన్ను మూస్తే గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చుంటున్నారమ్మా. అరుద్దామంటే గొంతు పెగలదు."

మావ్ ఆత్మలను పిలిచే మనిషి. శనివారం పొద్దున ముఖానికి నల్లగుడ్డ కట్టుకుని, బల్లనే గుర్రంగా ఎక్కి, తప్పిపోయిన కొడుకు ఆత్మను వెతుక్కుంటూ బయలుదేరింది. వెనక కోడలు జువా కంచుగంట మోగిస్తోంది.

తలుపు చప్పుడైంది. చిన్నకొడుకు యీ లెంగ్ తీశాడు. వాళ్లను ఈ దేశానికి రప్పించిన చర్చి నుంచి కేరన్ అనే పెద్దావిడ, చేతినిండా చలికోట్లతో.

"ఏమిటా మోత?"

యీ లెంగ్ చెవులు ఎర్రబడ్డాయి. "మా అమ్మకు మతి సరిగా లేదండీ," అన్నాడు ఇంగ్లీషులో.

ఆవిడ అయ్యో అనుకుంటూ కోట్లిచ్చి వెళ్లిపోయింది. అతను లోపలికొచ్చి వదిన చేతిలోంచి గంట లాక్కున్నాడు. "ఇక ఆపండి! నన్ను తలెత్తుకు తిరగనివ్వరా?"

మావ్ ముసుగు తీసింది. "వాడింకా దొరకలేదురా!"

"పోనీలేమ్మా. తమ్ముడు తిప్పలు పడేది మన కోసమేగా," అన్నాడు చెర్ పావ్.

ఆ వారంలోనే ఒక పొద్దున జువా ఎంత కుదిపినా అతను లేవలేదు. ఆస్పత్రివాళ్లు కోసి చూసి గుండె బాగానే ఉందన్నారు. మరెందుకు పోయాడంటే తెలియదన్నారు.

అంత్యక్రియలకు కేరన్ వచ్చింది. మావ్ చేయి పట్టుకుని యీ లెంగ్‌ను అడిగింది: "పాపం, కొడుకు పోయాడని ఈవిడకు తెలుస్తోందా?"

"ఏమంటోందిరా?" అంది తల్లి.

యీ లెంగ్ నేల చూపులు చూశాడు. "అమ్మ బాగానే ఉందండీ. ఆ రోజు సిగ్గేసి అబద్ధమాడాను." తర్వాత ఆ రోజు తనేమన్నాడో తల్లికి తమ భాషలో చెప్పాడు.

మావ్ కొడుకు వైపు తిరిగింది. "అంత సిగ్గయితే చెప్పకపోయావా? వాడి ఆత్మను ఇంకో ఇంట్లో పిలుచుకునేవాళ్లం."

సాయంత్రం, వచ్చినవాళ్లకు చనిపోయినవాడి తమ్ముడూ దాయాదులూ మోకరిల్లి దణ్ణం పెట్టే వేళయింది. అందరూ లేచినా యీ లెంగ్ నుదురు నేలకే ఉంది.

చిన్నాన్న వంగి భుజం తట్టాడు. "లేరా, చాలు. జనం చూస్తున్నారు."

"చూడనీ చిన్నాన్నా."