రెండు వందల పన్నెండో మొక్క

కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని, మైక్రోస్కోపు మీదకు వంగి, ఆమె ఒక్కో గుంటా చూసుకుంటూ పోతోంది. అరచేయంత ప్లాస్టిక్ పళ్లెం. అందులో తొంభై ఆరు గుంటలు, ప్రతి గుంటలోనూ క్యాన్సర్ కణాలు. మొన్న కొన్నిట్లో అడవిమొక్క సారం చుక్కలు, పోలిక కోసం కొన్నిట్లో సారం కలపని ఉత్త ద్రావకం వేసింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. ఆకులు ఆరబెట్టడం, దంచడం, నానబెట్టడం, వడకట్టడం, చివరికి కణాలు చచ్చాయో లేదో చూడటం. ల్యాబులో అందరికీ ఆమె ఆకులమ్మ. ఇవాళ రిటైర్మెంటు. ఆఖరి రోజైనా కాళ్లు చాపుకుని కూర్చోవే అని పొద్దున్నే అక్క పోరింది. వింటేగా.

రెండు వందల పన్నెండో మొక్క ఎవరూ పట్టించుకోని కలుపు. తొందర కొద్దీ కొత్త సారు దాని ఆకుల్ని ఓవెన్‌లో పెట్టించి రెండు గంటల్లో ఎండించాడు. నీడన తొమ్మిది రోజులు ఆరాలని ఆమె చెబితే, పాతకాలం కబుర్లని నవ్వేశాడు. వేడికి ఆకులో సత్తువంతా పోయింది. ఒక్క కణమూ చావలేదు. ఆయన మొక్కల జాబితాలో ఆ నంబరు మీద ఎర్రగీత గీశాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. మొక్క చేసిన తప్పేముంది? ఎవరినీ అడక్కుండా కొత్త ఆకులు తెచ్చి, నీడన ఆరబెట్టి, మళ్లీ మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆ సారం వేసిన గుంటల్లో కణాలు ముడుచుకుపోయి తేలుతున్నాయి. ఉత్త ద్రావకం పోసిన గుంటల్లో మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఆమె రెండుసార్లు చూసింది. కళ్లు తుడుచుకుని మూడోసారి చూసింది.

సారును పిలిచి చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. ఒక్క పళ్లెంతో ఏమీ తేలదనీ, జాబితా ఎప్పుడో పైకి వెళ్లిపోయిందనీ, వీడ్కోలు టీ చల్లారిపోతోందనీ అన్నాడు.

"ఒక్కదానితో తేలదని నాకూ తెలుసు సార్. ఇది మందని నేననడం లేదు. మంచి కణాల్ని కూడా చంపుతుందేమో, అదీ చూడాలి. కానీ తప్పు మనం చేసి గీత దాని మీద గీస్తే ఎలా? ఇంక దీన్ని పరీక్ష చెయ్యనంటే, చెయ్యనని రాసిచ్చెయ్యండి. పట్టుకుపోతాను."

ఆయన ఏమీ రాసివ్వలేదు. ఆమె చల్లారిన టీ తాగి, అందరికీ వెళ్లొస్తానని చెప్పి, చేతిసంచీ తీసుకుని ఐదింటి బస్సుకు వెళ్లిపోయింది.

మర్నాడు సారు ఆకులు ఆరబెట్టే గది తలుపు తీశాడు. ఫ్యాను కింద, పాత పేపర్ల మీద, అదే మొక్క ఆకులు మరో రెండు బుట్టలంత పరిచి ఉన్నాయి, ఇంకా సగం పచ్చిగానే. పక్కన, ఎగిరిపోకుండా గాజుమూత కింద పెట్టిన, ఆమె చేతిరాతతో చీటీ: "నేను వెళ్లేనాటికి మూడు రోజులు. రోజూ ఒకసారి తిరగెయ్యాలి. ఇంకా ఆరు రోజులు."