నాకు బొట్టు పెట్టిన చెయ్యి

నేను ఒక డీజిల్ కారు మెదడుని. ఈ మాట నేనన్నది కాదు, మెకానిక్కులన్నది. చూడబోతే టిఫిన్ డబ్బా అంత అల్యూమినియం పెట్టెని. ఒక పక్క నోరు, నోటి నిండా సన్నటి పిన్నులు. ఇంజిన్‌లో ఏ మూల ఏం జరుగుతోందో వైర్ల మీద విని, డీజిల్ ఎంత వదలాలో చెప్పడం నా పని. ఎక్కడైనా లోపం కనబడితే, మెకానిక్కు తగిలించే స్కానర్‌కి చెప్పడమూ నా పనే.

మొదట ఒక డాక్టరుగారి కారులో కొన్నేళ్లు కాపురం చేశాను. ఆయన మర్యాదస్తుడేగాని, బానెట్ ఎత్తి నా మొహం చూసిన పాపాన పోలేదు. ఆ కారుని వెనకనుంచి లారీ గుద్దేసరికి నేనూ, తాళంచెవిని గుర్తుపట్టే నా జంట పెట్టె, ఆ తాళంచెవితో సహా విశాఖలో పాత సామాన్ల కొట్టు చేరాం. అక్కణ్ణుంచి సాలూరు మెకానిక్ బంగారయ్య మమ్మల్ని తెచ్చుకున్నాడు.

సాలూరు లారీల ఊరు. నా ఇప్పటి యజమాని గౌరునాయుడు కూడా ఒకప్పుడు లారీ డ్రైవరే. ఇంటికి చుట్టంలా వచ్చిపోయేవాడు. భార్య అప్పలనర్సమ్మ పోరుపెట్టి అది మాన్పించి, పాత డీజిల్ కారు కొనిపించింది. ఇద్దరూ దాని వెనక తలుపెత్తి, కొండ సంతల్లో ఇడ్లీలూ పునుకులూ అమ్ముకునేవారు. వానలకి గెడ్డ పొంగి, ఆ వాగునీళ్లలో కారు కంప్యూటర్లు తడిసి చచ్చిపోయాయి. వాటి స్థానంలోకే మేం వచ్చాం.

"ఇయి కూడా పన్జెయ్యకపోతే బండి ఇనుముకిచ్చీసి మల్లీ లారీ ఎక్కీడమే" అన్నాడు నాయుడు.

బంగారయ్య నన్ను షెడ్డులో బల్లమీద పెట్టి టీకి వెళ్లాడు. అప్పుడు వచ్చింది అప్పలనర్సమ్మ, పళ్లెం పట్టుకుని. కొత్తగా వచ్చిన ఏ వస్తువునీ బొట్టు పెట్టకుండా ఆమె పనిలోకి దింపదు. ఇంట్లో గ్రైండరుకీ అదే మర్యాద జరిగింది.

"మా మావని ఇంటికాడే ఉంచు తల్లీ" అంటూ నాకు పసుపు దట్టంగా రాసి కుంకుమ అద్దింది. అంతవరకు నన్ను తల్లీ అన్నవాళ్లు లేరు. నాకు ప్రాణం లేచొచ్చింది. కాకపోతే నా నుదురేదో నోరేదో తెలియక, పిన్నుల మధ్య కూడా ఇంత పసుపు ముద్ద పెట్టింది.

బంగారయ్య తిరిగొచ్చి, ఫోన్‌లో మాట్లాడుతూనే కేబుల్ నా నోట్లో నొక్కేశాడు. నాయుడు తాళం తిప్పాడు. సెల్ఫు తిరిగింది గాని ఇంజిన్ అందుకోలేదు. ఇంజిన్ తిరుగుతోందని చెప్పే సెన్సార్ మాట చేరందే నేను డీజిల్ వదలను. పసుపు సరిగ్గా ఆ పిన్నుకే అడ్డం పడింది.

సెన్సార్ మాట వినబడటం లేదని స్కానర్‌కి చెప్పాను. వాళ్లు సెన్సార్ మార్చారు. మళ్లీ అదే చెప్పాను. వైరు పొడవునా తడిమి చూశారు. చివరికి తాళం కలవలేదేమోనని నా జంట పెట్టెని అనుమానించారు, దానికి మహా కోపం వచ్చింది. అడ్డం నా నోట్లోనే ఉందని చెప్పే భాష నాకు లేదు. ఆ బాధ అంతా ఇంతా కాదు.

నాయుడు లారీ ఓనరుకి ఫోన్ చేసి, మళ్లీ పనిలోకి వస్తానన్నాడు. అప్పలనర్సమ్మ షెడ్డు గుమ్మంలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెట్టె మంచిది కాదొదినా, తిరిగిచ్చీస్తాను" అంటూ బంగారయ్య కేబుల్ పీకాడు. నా నోరు చూసి ఆగిపోయాడు. "ఈ పసుపేటి?"

అప్పలనర్సమ్మ లేచి నిలబడింది. "నానే... బొట్టెట్టి మొక్కినాను."

నాయుడు ఒకసారి నన్నూ, ఒకసారి ఆమెనూ చూశాడు. తిడతాడనుకున్నాను.

"నాను లారీ ఎక్కకూడదని మొక్కి, నువ్వే బండాపీసినావేటే?" అని పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

బంగారయ్య స్పిరిట్‌లో ముంచిన బ్రష్షుతో నా నోరు కడిగాడు. ఈసారి తాళం తిప్పగానే సెన్సార్ మాట ఖంగున వినిపించింది. డీజిల్ వదిలాను. ఇంజిన్ చప్పుడులోంచే అప్పలనర్సమ్మ గొంతు వినబడింది. "లారీకి వేరేవోణ్ణి సూసుకోమని సెప్పు మావా!"

ఇప్పటికీ మేం కొండ సంతలకి తిరుగుతున్నాం. దసరాకి ఆమె పళ్లెంతో వస్తుంది. నాయుడు ఆ చెయ్యి పట్టుకుని, నా నోటికి దూరంగా, పైమూతమీదికి నడిపిస్తాడు. బంగారయ్య పసుపంతా పోయిందనే అనుకున్నాడు. నోటి అంచున కొంచెం మిగిలింది. దానివల్ల ఏ పిన్నుకీ ఇబ్బంది లేదు. లోపం కనబడితే చెప్పడం నా ఉద్యోగం. ఇదొక్కటి మాత్రం ఇంతవరకు ఏ స్కానర్‌కీ చెప్పలేదు.