పంది పొట్టకి రెండొందల చుక్కలు

మూడో రోజు కూడా ఆ పంది లోసలీనకి లొంగలేదు.

ద్వీప రాజధాని నుకుఅలోఫాలో బ్యానర్లు, చొక్కాల మీద బొమ్మలు వేసే షాపు అది. ఒక ఊరి రగ్బీ జట్టు చొక్కాల కోసం ఆ ఊరి పెద్ద ఒకాయన కాగితం మీద కార్టూన్ పందిని గీసిచ్చాడు, చంకలో బంతితో. దాన్ని కంప్యూటర్లో గీత వెంట గీత దిద్ది వెక్టర్ గీతలుగా మారిస్తే తప్ప, చొక్కాకి అంటించే బొమ్మని కత్తిరించే కోత యంత్రం ముట్టుకోదు. నాలుగింటికల్లా ఫైలు ఇవ్వకపోతే రేపటి నుంచి లోసలీన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని యజమాని మోసెసె పొద్దున్నే తేల్చేశాడు. కుర్చీ పోతే మళ్ళీ మేనత్త సేలా గుమ్మం ఎక్కాల్సిందే. బెరడు గుడ్డల అద్దకానికి కొబ్బరి ఈనెలు వంచి, ఆకు పట్టా మీద కుట్టి అచ్చులు చేసే పని ఆవిడది. నిరుడు ఆ పని మానేస్తూ, నీ ఈనెలతో నాకిక పని లేదని లోసలీన నోరు జారింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

అందుకే గీత ఎక్కడా తప్పిపోకూడదని వెంట్రుకవాసి దూరానికో చుక్క పెట్టుకుంటూ వచ్చింది. ఎంత జాగ్రత్తపడితే పంది అంత గతుకులు తేలింది. ఒక చుక్క సర్దితే పక్కన బుడిపె లేచేది. పొట్ట ఒక్కదానికే రెండొందల చుక్కలు. దిక్కుమాలిన పంది! మౌసుని బల్లకేసి కొట్టింది, ఏడ్చింది, మళ్ళీ పట్టుకుంది.

మూడింటికి అత్త బుట్టలో ఉడకబెట్టిన చేమదుంపలు పట్టుకుని దిగింది. వెనక నిలబడి కాసేపు చూసింది.

"ఏమే, ఇన్ని కుట్లేంటి?"

"కుట్లు కావత్తా, చుక్కలు. ఇది వేరే పని."

"ఈనె నడుమ కుట్టు వేస్తే ఏమవుతుంది?"

లోసలీన పళ్ళు బిగించింది. "విరుగుతుంది."

"మరి?"

రెండు చివర్లా కుట్టి వదిలేస్తే ఈనె వంపు దానంతటదే తిరుగుతుంది. పదేళ్ళ వయసు నుంచీ వేళ్ళకి తెలిసిన సంగతే. మూడు రోజులు ఎక్కడ చచ్చిందీ బుద్ధి? తన మీద తనకే ఒళ్ళు మండి, రెండొందల చుక్కలూ చెరిపేసింది. వంపు మొదలైన చోట ఒకటి, మళ్ళిన చోట ఒకటి పెట్టి నడుమ గీతని లాగింది. గీత నున్నగా వంగింది. ఇలా నాలుగు చుక్కలతోనే పొట్ట తయారైంది.

నాలుగింటికి పది నిమిషాలుండగా మోసెసె ఫైలు తీసుకోబోయాడు.

"తోక బాగోలేదు. మళ్ళీ చెయ్యి," అంది అత్త.

అక్కడ ఇంటికి మేనత్తే పెద్ద, నాన్న అక్క మాటకి ఎదురు చెప్పే మనిషి ఆ ద్వీపంలో ఇంకా పుట్టలేదు. మోసెసె కూడా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోసలీన గడియారం చూసి, తోకని తెర మీద పెద్దది చేసి చూసింది. నడుమ ఒక చుక్క ఎక్కువే ఉంది. తీసేసింది. తోక చక్కగా చుట్ట తిరిగింది. అత్త మాటే నిజమైనందుకు మరీ మండింది.

నాలుగు కొట్టకముందే మోసెసె ఫైలు పట్టుకెళ్ళాడు. కోత యంత్రం మొదలైంది. అత్త దుంపలు బల్ల మీద పెట్టి, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుంది.

"ఈనెలతో పని లేదన్నావుగా," అంది, నవ్వకుండా.

లోసలీన తల దించుకుంది.

"ఉందత్తా."