ఈవిడ నీకేమవుతారు

పదకొండున్నరకి, లిఫ్టులు బాగుచేసే మా ఆయన ఫోన్ చేశారు.

"ఏమోయ్, ఒక పెద్దాయన నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య లిఫ్టులో ఇరుక్కున్నాడు. నేను లిఫ్టు గుంతలోకి దిగానంటే ఫోన్ పలకదు. బొంగరాన్ని బడి నుంచి నువ్వు తీసుకురాగలవా?"

తీసుకురాగలవా అని అడుగుతున్నారు. మాకు పెళ్లయి పంతొమ్మిది రోజులు. ఈ మాట కోసం నేను పద్దెనిమిది రోజులుగా చెవులు రిక్కించుకుని ఉన్నాను. "చూస్తాను లెండి" అని బెట్టుగా ఫోన్ పెట్టేసి, వంటగదిలో ఎవరూ లేరని చూసుకుని ఒక గంతు వేశాను.

బొంగరం మా ఆయన కూతురు. ఈమధ్యే నాలుగేళ్లు నిండాయి. ఏదైనా ఆలోచించాల్సి వస్తే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది కనుక ఆ పేరు. దానికి ఏడాది నిండకముందే కన్నతల్లి జబ్బు చేసి పోయింది. నేను ఈ ఇంటికి వచ్చిన రోజు ఆయన దాన్ని పిలిచి, "ఈవిడ్ని పిన్ని అను" అని చెప్పారు.

"పిన్ని ఉందిగా. ఆ పిన్నికి మోచేతి మీద పుట్టుమచ్చ ఉంటుంది. ఈవిడకేదీ?" అంది.

ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది. అప్పటినుంచి నన్ను ఏ పేరుతోనూ పిలవదు. ఏమైనా కావాలంటే దగ్గరికొచ్చి నిలబడి దగ్గుతుంది. నేనూ దగ్గుకి పలకడం అలవాటు చేసుకున్నాను. మొన్న ఆయనకి పొలమారి దగ్గినా లేచి వెళ్లాను.

నేను విత్తనాల పరీక్షశాలలో పనిచేస్తాను, ప్రస్తుతం పెళ్లి సెలవులో ఉన్నాను. తడి కాగితం మీద వంద గింజలు పేర్చి, ఎన్ని మొలకెత్తాయో రోజూ చూసి రాయాలి. మొలక ఆలస్యమైందని గింజను గిల్లి చూడకూడదు. ఇంట్లోనూ గిల్లలేదు. అయినా లోపల ప్రాణం పీకుతూనే ఉంది. వాళ్ల నాన్న పక్కన లేకుండా ఈ పిల్ల తనంతట తాను నాతో ఎప్పుడైనా వస్తుందా?

రెండుసార్లు బట్టలు మార్చుకుని, కొత్త చెప్పులు వేసుకుని బయల్దేరాను.

బడి మందుల షాపు పైన మొదటి అంతస్తులో ఉంది. మెట్లెక్కగానే నడుమెత్తు చెక్క గేటు. అవతల ఒక టీచరు, చీపురుతో ఒక ఆయమ్మ, తలుపు పక్కన సంచి తగిలించుకుని బొంగరం. మిగతా పిల్లలంతా అప్పటికే వెళ్లిపోయారు.

ఆ బడిలో ఒక నియమం ఉంది. కొత్తవాళ్లెవరు వచ్చినా, వాళ్లెవరో పిల్లలే తమ నోటితో చెప్పాలి. అప్పుడే గేటు తీస్తారు. పోయినేడాది ఒక తాతగారు కళ్లజోడు మరిచిపోయి వచ్చి, తన మనవరాలి బదులు ఇంకెవరి మనవరాలినో చంకనేసుకుని పోయారట. సగం దారి దాకా ఆ పిల్ల కూడా ఏమీ అనలేదట.

టీచరు రిజిస్టరు తెరిచి, 'సంబంధం' అని రాసి ఉన్న గడి మీద కలం పెట్టింది. "ఈవిడ నీకేమవుతారమ్మా?"

బొంగరం నన్ను చెప్పుల దగ్గర మొదలుపెట్టి తలదాకా చూసింది. "మా ఆవిడ," అంది.

వాళ్ల నాన్న ఫోన్లో నన్ను గురించి అనే మాట అది. ఆయమ్మ చీపురు ఆపి నవ్వింది. టీచరు పెదవి బిగబట్టి, "అలా మీ నాన్న అనాలి. నీకేమవుతారు?" అంది.

ఈసారి బొంగరం రెండు చుట్లు తిరిగింది. "ఇంకా తెలీదు."

"ఏమీ అనుకోకండి, రూలు రూలే," అని టీచరు మా ఆయనకి రెండుసార్లు ఫోన్ చేసింది. పలకలేదు. తల్లినని రాసుకోండి అని నేనే అనొచ్చు. కానీ ఆ పిల్ల ముందు, అది అనకముందే ఆ మాట అనడానికి నోరు రాలేదు. గేటు పక్కన పిల్లల కుర్చీ ఒకటి వేస్తే కూర్చున్నాను. మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి.

కాసేపటికి టీచరుకే జాలేసింది. "పోనీ, ఈవిడ గురించి నీకేం తెలుసో చెప్పు చూద్దాం."

బొంగరం వేళ్ల మీద లెక్కపెట్టసాగింది. "పాలు పొంగేటప్పుడు పాలతో మాట్లాడుతుంది. ఆగు తల్లీ, ఆగు తల్లీ, అంటుంది. అవి ఆగవు."

"ఊఁ."

"అరటిపండు కింద నుంచి ఒలుస్తుంది. కొత్త చెప్పులు మంచం మీద పెట్టుకుని చూసుకుంటుంది. నాన్న స్నానం చేస్తుంటే బయట నుంచి లైటు ఆర్పేసి పారిపోతుంది."

ఆయమ్మ ఊడ్చిన చోటే మళ్లీ ఊడవసాగింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ నావైపు కన్నెత్తి చూడలేదనుకున్న పిల్ల నన్ను ఇంతగా కనిపెట్టి చూసిందా అని మరోపక్క ఒళ్లంతా పులకరిస్తోంది.

"ఒకరోజు బాత్రూంలో కుళాయి తిప్పేసి ఏడ్చింది," అంది బొంగరం. "నేను తలుపు బయట కూర్చున్నా. నాన్నకి చెప్పలేదు."

బొంగరం గేటు దగ్గరికి వచ్చి, చెక్కల సందులోంచి ముక్కు బయటపెట్టి, మొట్టమొదటిసారి నన్నే నేరుగా అడిగింది.

"ఎందుకేడ్చావ్?"

కంట్లో సబ్బు పడిందని చెబుదామనుకున్నాను. దాని ముఖం చూశాక చెప్పలేకపోయాను. "మా అమ్మ గుర్తొచ్చింది."

"నీకు అమ్మ ఉందా?"

"ఉంది. పెళ్లిలో నా పక్కనే నిలబడి ముక్కు చీదిందే, ఆవిడే."

"నీలం గొడుగావిడా?" బొంగరం కనుబొమలు పైకి లేచాయి. "ఆవిడ అమ్మమ్మలా ఉంది కదా. ఎవరి అమ్మమ్మ?"

"ఇంకా ఎవరికీ కాదు. ఖాళీగానే ఉంది."

ఒక చుట్టు. "ఆవిడింట్లో ఏముంది?"

"కుట్టుమిషను, బావి, మూడు కాళ్ల కుక్క."

"మూడేనా?"

"మూడే. పరుగులో మాత్రం దాన్ని ఎవరూ పట్టుకోలేరు."

బొంగరం చాలాసేపు తిరిగింది. తర్వాత టీచరు వైపు చూసింది. "నాకొక అమ్మమ్మ ఉంది. ఇద్దరుండొచ్చా?"

"ఉండొచ్చు. దానికి ఏ రూలూ అడ్డురాదు," అంది టీచరు.

"ఉన్నావిడ పోదుగా?"

"ఎందుకు పోతుంది? ఆవిడ ఆవిడే," అన్నాను నేను.

"సరే మరి," అని టీచరు మళ్లీ కలం అందుకుంది. "ఇప్పుడు చెప్పు. ఈవిడ ఎవరు?"

"మా కుక్క అమ్మమ్మ కూతురు," అంది బొంగరం, ఇంత చిన్న విషయం ఎన్నిసార్లు అడుగుతారన్నట్టు.

గడి చిన్నది కావడంతో టీచరు అక్షరాలు కుదించి రెండు వరుసల్లో, ఒక్క మాటా మార్చకుండా రాసింది. పక్కన నేను సంతకం పెట్టాను. గేటు తెరుచుకుంది.

మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే, "ఏ కాలు లేదు?" అని అడిగింది.

"వెనకది, ఎడమ వైపు."

ఎడమ కాలు మడిచి గెంతడం మొదలుపెట్టింది. నాలుగో గెంతుకి తూలి నా చూపుడువేలు పట్టుకుంది. నిలదొక్కుకున్నాక కూడా వదల్లేదు. కిందికి చూసి ఏదో లెక్క వేసుకుంది.

"నాకిప్పుడు ఒక్కటే కాలుంది. ఆ కుక్కకి మూడు. నీ రెండూ కలుపుదామా?"

ఇద్దరం కలిసి మూడు కాళ్ల మీద ఇంటిదాకా నడిచాం.