కడపటి వంతు

వర్షర్తువంతయు వట్టిపోయి శరత్తు ప్రవేశింపఁగా మేఘలేశశూన్యమైన గగనమునుండి చండభానుఁడు నిప్పులు చెఱుగుచు నెఱ్ఱెలు విచ్చిన నేలను పొట్టకు వచ్చి వాడిన వరిపైరును నిర్దయముగాఁ గాల్చుచున్న యొక యుదయమునఁ గుముదగిరిప్రభువగు మల్లభూపతి కొలువుదీర్చి యుండెను. పెద్దచెఱువున మిగిలిన కొద్దిపాటి నీటిని ఎగువ రైతులే పట్టుకొనినచో దిగువవారి పైరు మాడి వారు ఊరు విడువవలసి వచ్చును. ఆ తగవు నాఁడు తీఱవలసి యుండెను.

చెఱువు త్రవ్వినవారు ఎగువవారి తాతలు కావున వారి సొత్తును గాచుటయే రాజధర్మమనియు, ఒకరిది తీసి యొకరికిచ్చుట చౌర్యమునకుఁ గిరీటము పెట్టుటయే యనియు నాస్థానపండితుఁడు శింగనభట్టు వాదించెను. వానకుఁ దాతలెవ్వరని యడిగి నీరెల్ల రాజు స్వాధీనపఱచుకొని యవసరమును బట్టి పంచవలెనని వల్లభశాస్త్రి ఖండించెను. మధ్యాహ్నమువఱకు శ్లోకములు ప్రవహించెనే గాని నీరు ప్రవహింపలేదు.

వృద్ధమంత్రి యెఱ్ఱయామాత్యునకు విసుగు పుట్టెను. ప్రభువు స్వర్గస్థయైన తల్లి నాటిన చేమంతితోఁటకే తూమునీరు మొదటఁ బోవుచున్నదని యెఱిఁగియు నుభయపండితులును దానిమాట యెత్తరైరి. ఎత్తినచోఁ దన పదవి దక్కదని యెఱ్ఱయకుఁ దెలియును. అయినను లేచి నిలిచెను.

"ప్రభూ, అన్నదమ్ములు వేఱుపడునప్పుడు పెద్దవాఁడు భాగములు చేయును. చిన్నవాఁడు ముందు కోరుకొనును. పెద్దవానికి మిగిలినది దక్కును. ఇది మన యింటింటి యాచారము. ఈ ప్రజలకుఁ బెద్ద తామే. వంతులు తాము చేయుఁడు. దిగువవారు మొదటను ఎగువవారు పిమ్మటను కోరుకొందురు గాక. చేమంతితోఁటకుఁ గడపటి వంతు."

ఎఱ్ఱవాఱిన రాజవదనము మెల్లమెల్లగాఁ దేఱెను.

"పెద్దఱికము కోరినవాఁడు కడపటి వంతునకు వెనుదీయరాదు" అని రాజు పలికెను.

తనకు మిగులు వంతేదో యెఱుఁగని రాజు ఆ సాయంకాలమే కట్టపై నిలిచి, నీరు తగ్గినకొలఁది తూముజోరు మందగించునని తలఁచి, తరువాతి వంతులకుఁ గాలపు నిడివి పెంచి యతిజాగరూకుఁడై పంచెను. దిగువవారు మొదటి వంతును, ఎగువవారు రెండవదానిని కోరుకొనిరి; కడపటిది రాజునకు మిగిలెను. ఎగువవారికిఁ దప్పుపట్టుటకుఁ జోటు లేకపోయెను. రాజు వంతు వచ్చునప్పటికి ఎండవేఁడికి నీరింకి తూమునఁ బురద మాత్రమే జాఱెను.

మార్గశిరమునఁ దల్లి యాబ్దికమునాఁడు చేమంతితోఁటలో నెండుపుల్లలే యుండెను. రాజు దిగువపొలములకు నడచిపోయి యొక పండిన వరివెన్నును దెచ్చి తల్లి చిత్రపటముకడ నుంచి కన్నీరు తుడుచుకొనెను. ధాన్యభారమున నా వెన్ను తల్లి పాదములవైపునకు మెల్లగా వంగెను.