పాతదే మంచిదన్న కిష్టమ్మ

"సారు నా కాడికొచ్చి పెండ కావాలన్నడమ్మా. అదిగూడ కొత్తదే కావాల్నంట. కొత్తది శానా వేడి సారూ, పాతదే మంచిదని చెప్పిన. పాతదాంతోనే కానియ్యమని మీరు గూడ జర చెప్పుండ్రి."

ఫోనులో కిష్టమ్మ చెప్పిన మాటలివి. ప్రగతి నగర్ చెరువు అవతల బర్రెలు పెట్టుకుని మా కాలనీకి పాలు పోస్తుంది ఆమె. ఫోనెత్తింది మా ఆవిడ పుణ్యవతి. లైను గరగరలాడటంతో 'పెండ' కాస్తా ఆవిడ చెవిలో 'పెండ్లి' అయి కూర్చుంది. ఇక్కడివాళ్ళ పెండను మా తూర్పుగోదావరిలో పేడ అనే అంటారు. యాభై రెండేళ్ళ మొగుడు వెళ్ళి పాలు పోసే ఆమెను పెళ్ళి కుదర్చమన్నాడు, అదీ కొత్తదానితో! పుణ్యవతికి అర్థమైంది అది. ఆవిడకు అలా అర్థమైందని నాకు తెలియడానికి నెల పట్టింది.

అప్పటికి నా బాధ వేరే. అసలు నా బాధే వేరు! హైటెక్ సిటీలో నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాలనీ పార్కులో మాత్రం ఏ వేరూ సాఫ్ట్‌గా దిగేది కాదు. ఇళ్ళు కట్టగా మిగిలిన కంకర, సిమెంటు పోసిన నేల. దాని మీద రెండేళ్ళు నేను గుమ్మరించిన యూరియా. గడ్డపార వేస్తే ఠంగుమని తిరిగొచ్చేది. ఆఫీసు నుంచి వచ్చి చేతికి ఇంత మట్టి అంటించుకునే చోటు నాకు అదొక్కటే.

కాలనీ సంఘం సెక్రటరీ ఓబులేసు కడప మనిషి, ఇళ్ళ స్థలాల వ్యాపారి.

"దీపావళి దాకా చూస్తామప్పా భీమేశ్వరరావూ. అప్పటికీ పచ్చబడకుంటే టైల్స్ పరిచి కార్లు పెట్టుకుంటాం" అని తేల్చేశాడు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. మియాపూర్ డిపోలో బస్సులు కదలడం లేదు. రాష్ట్రం విడిపోవాలా వద్దా అని ఊరంతా వాదించుకుంటుంటే, నా మట్టిగడ్డలు మాత్రం విడిపోయేది లేదని భీష్మించాయి. పేడ కోసం వెళ్ళినప్పుడు ఆ మాటే కిష్టమ్మతో అన్నాను.

"మట్టి గూడ విడిపోతేనే బాగుపడ్తది సారూ. మీ ఆంధ్రోళ్ళకు గిదే సమజైతలేదు."

"ఏంటి, నన్నూ ఉద్యమంలో కలిపేస్తావా?"

"ముందుగాల్ల పెండను మట్టిల కలుపు. మిమ్ముల కలుపుడు సంగతి తర్వాత జూద్దాం."

ఆ ఆదివారమే, ఏడాదిపాటు మాగిన ఎరువును తోపుడుబండి మీద తెచ్చింది. పచ్చిది వేస్తే వేర్లు మాడిపోతాయట. రెండు రోజులు నేలను నానబెట్టించింది. పలుగుతో తవ్వించింది. ఎరువులో కొంత వేపపిండి కలిపి వేయించి, పైన ఎండుటాకులు దుప్పటిలా కప్పించింది. ఇంటింటా కూరగాయల తొక్కలు పోగుచేసి మూల గుంతలో వేయమంది.

"మల్లా యూరియా ముట్టినవనుకో, నీ ఇంటికి పాలు బంద్!"

పార్కుకు పోషణ పెరిగింది గాని ఇంట్లో నాకు తగ్గింది. పొద్దున ఉప్మా, రాత్రి అదే ఉప్మా. ఇదేంటని అడిగితే, "పాతదే మంచిదట. చెప్పేవాళ్ళు చెప్పారు లెండి" అనేది పుణ్యవతి. ఉప్మా గురించే అనుకుని తినేశాను.

దీపావళి ముందు ఆదివారం సంఘమంతా పార్కులో చేరింది. నేను విత్తనాలు చల్లిన తోటకూర మోకాళ్ళ దాకా లేచింది. మెంతికూర మడి నిండా పచ్చగా ఉంది. అయినా ఓబులేసు నమ్మలేదు. గడ్డపార ఎత్తి వేశాడు. జానెడు దిగింది! గుప్పెడు మట్టి తీసి నలిపితే పొడిపొడిగా రాలింది. అందులోంచి రెండు వానపాములు మెలికలు తిరుగుతూ బయటపడ్డాయి.

"ఈ నేలకు పానం ఉండాదప్పా! దీని మీద రాళ్ళు పరిస్తే పాపం తగుల్తాది. టైల్స్ వద్దు."

పేడ వేస్తే పీడ వదిలిందని అందామనుకున్నాను. ఆ మాట మానేసి కిష్టమ్మకు రెండు చేతులూ జోడించాను.

ఇంతలో పుణ్యవతి కొత్త చీర, పసుపు కుంకుమలు పట్టుకొచ్చి కిష్టమ్మ చేతిలో పెట్టింది.

"నా కాపురం నిలబెట్టావమ్మా! ఈయన కొత్తదాన్ని చేసుకుంటానంటే, పాతదే మంచిదని బుద్ధి చెప్పావు. నీ మేలు మర్చిపోను."

కాలనీ కళ్ళన్నీ నా మీద పడ్డాయి.

"కొత్తదాన్ని చేసుకునుడేంది?" కిష్టమ్మ బిత్తరపోయింది. "అయ్యో అమ్మా, నేను పెండ్లి అనలే! పెండ! మా బర్ల పెండ! కొత్త పెండ వేడి, పాత పెండ మంచిదన్న. గీ తోటకూర కిందున్నది అదే!"

"పెండంటే?"

"పేడే, పుణ్యవతీ" అన్నాను నేను.

ఓబులేసు నవ్వు ఆపుకోలేక మడి గట్టు మీద కూలబడ్డాడు. పుణ్యవతి ముఖం కుంకుమ రంగుకు తిరిగింది. కిష్టమ్మ చీర తిరిగివ్వబోతే, "ఉంచమ్మా. పెళ్ళయినా పేడయినా మాకు మేలే చేశావు" అని ఆమె గుప్పిట మూసేసింది.

గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు ఎవరికి పెళ్ళని ఇంకా అడుగుతూనే ఉన్నారు. కిష్టమ్మ చీర భుజాన వేసుకుని అందరికీ వినపడేలా మళ్ళీ చెప్పింది: "ఎవ్వరికి లేదు లగ్గం! మా దిక్కు పెండ అంటం, వీళ్ళ దిక్కు పేడ అంటరు. సారు నన్ను పెండ అడిగిండు, అమ్మకు పెండ్లని ఇనబడ్డది. గంతే!"